చెవులు మూసుకుని దాటే గుంత

ఇబ్రహీంపట్నం దాటి సాగర్ రోడ్డు మీద జర దూరం పోతే ఎడమ దిక్కు ఒక మట్టి బాట దిగుతది. ఆ బాట పక్కనే ఉంటది పిలుపుల గుంత. ఒకప్పుడు కంకర రాయి తీసిన క్వారీ. రాయి అయిపోయింది, క్రషర్ మూతవడ్డది, గుంత మిగిలింది. లోతెంతో ఎవరికీ ఎరుక లేదు. అడుగున నీళ్లు మాత్రం ఎండకాలం గూడ నల్లగ నిలబడే ఉంటయ్.

ఆ పేరు ఊరికే రాలే. పొద్దు గూకినంక ఆ బాటల పోతుంటే గుంత పిలుస్తది. ఓయ్ అని కాదు — పేరు పెట్టి పిలుస్తది. అది గూడ మనకు ఎరుకైన గొంతుతోని. మనోళ్లేనేమో అని పలికినవా... అయిపాయె. కాళ్లు వాటంతటవే అటు నడుస్తయంట.

గందుకే మా దిక్కు ఒక కట్టడి ఉంది. చీకట్ల ఎవరన్న పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకొద్దు. రెండో దానికీ పలకొద్దు. మనిషైతే మూడోసారి పిలుస్తడు. దయ్యం రెండు పిలిచి ఆగిపోతది, మూడోది దాని నోటికి రాదు. మాటలొచ్చిన పిల్లల కాడికెల్లి ఊర్లె అందరికీ ఈ సంగతి ఎరుకే.

ఇదంతా పాత ముచ్చట. చేతికో స్మార్ట్‌ఫోన్ వచ్చినంక మా పోరగాండ్లు ఇంకో ఉపాయం తీసిండ్రు. లారీలు తూకం వేసే పాత కాంటా కాడికి రాంగనే హెడ్‌ఫోన్లు తగిలించుడు, పాట చెవులు పగిలేటట్టు పెట్టుడు, తల వంచుకుని గుంత దాటుడు, కల్వర్టు ఎక్కినంక తీసుడు. పిలిస్తే పిలవనీ, వినేటోడే లేకపాయె. ముసలోళ్లు మొదట్ల నవ్విండ్రు. ఏడాది తిరగలే, ఆ నవ్వినోళ్లే సిమ్ము లేని పాత ఫోను నడుముల చెక్కుకుని, చెవులల్ల తీగలు పెట్టుకుని దాటుడు మొదలువెట్టిండ్రు. ఒకరికి భజనలు, సుసన్నక్కకు చర్చి పాటలు, ఎల్లస్వామికి డప్పు పాటలు. దయ్యాన్ని గెలిచినమనే అనుకున్నం.

ఇగ దివాకర్ సంగతి వినుండ్రి. వీళ్లది చెరువుల వలలేసే ఇల్లు. వాళ్ల బాపు పోయినంక వల అటక మీదికి ఎక్కింది, వీడు ఏసీలు బిగించే పనికి ఎక్కిండు. ఇంట్ల తల్లి బాలనర్సమ్మ, చెల్లె అనురాధ. ఆ పిల్ల మన్నెగూడ కాడ బట్టల షాపుల పని చేస్తది. ఏడు గంటల బస్సు దిగి, గుంత బాట పట్టి ఇల్లు చేరుతది.

దివాకర్ మంచోడే, కానీ చెల్లె మీద అజమాయిషీ జర ఎక్కువ. కొత్త ఫోను కొనుక్కున్నప్పుడు పాతది చెల్లెకిచ్చిండు. ఇచ్చే ముందు సిమ్ము పీకేసిండు. "ఫోన్లు మాట్లాడుడు నీకేం పని? పాటలు విను, చాలు" అన్నడు. ఆ పిల్ల ఫోను తీసుకుని పాటలు ఎక్కించుకుంది. ఇంటికొస్తే తెలుస్తది గద అని తల్లి గూడ ఊకుంది.

ఆ దినం ఎనిమిదైనా అనురాధ ఇంటికి రాలే.

బాలనర్సమ్మ వాకిట్లకెళ్లి కదలలే. "జర పోయి చూడు బిడ్డా" అంది. బండి టైరు పంక్చరై మూల పడున్నది. నడుచుకుంటనే బయలెల్లిండు దివాకర్. కాంటా కాడ అలవాటు ప్రకారం హెడ్‌ఫోన్లు పెట్టిండు, పాట పెంచిండు, ఫోన్ లైటు కాళ్ల ముందట ఏసుకుంట గుంత దాటిండు.

బస్ స్టాపు కాడ చాయ్ బండాయన జయపాల్ పొయ్యి ఆర్పుతున్నడు.

"అనురాధ దిగిందా అన్న?"

"ఏడు దాటంగనే దిగింది గదనే. చెవులల్ల వైర్లు పెట్టుకుని గటే పోయింది."

గటే అంటే గుంత బాటనే. మరి ఆ బాటలనే వచ్చిండు గద వీడు. ఎదురు రాలే. ఇంటికి ఇంకో తొవ్వ లేదు. 

చేతిల ఫోన్ ఉంది, చెల్లెకు చేద్దామంటే నంబరే లేదు. ఆ సిమ్ము తన పర్సులనే ఉంది. పర్సు తీసి దాన్ని చూసి, మళ్ల లోపల పెట్టిండు.

చెల్లెతోని పనిచేసే మహేశ్వరికి ఫోన్ కొట్టిండు. ఆమె ఇబ్రహీంపట్నంలనే దిగిపోయిందంట. "నా పక్కనే కూసుంది అన్న, మంచిగనే ఉంది. నవ్వుకుంటనే ఉండె" అంది. నవ్వుకుంటనే ఉండె అన్న మాట వీని చెవుల గుచ్చుకుంది. ఎవరితోనన్న పోయిందా... ఒక్క నిమిషం అట్ల అనుకున్నడు. అనుకున్నందుకు తర్వాత ఎన్ని రోజులు ఏడ్చిండో వానికే ఎరుక.

ఉరుకులాడుకుంట మళ్ల అదే బాట పట్టిండు. మళ్ల కాంటా, మళ్ల హెడ్‌ఫోన్లు. భయం భయమే గద, చెల్లె కనవడకపోతే పోతదా అది? ఇంకింత ఎక్కువైతది. పాట ఇంకా పెంచిండు.

ఇంట్ల లేదు. వాడకట్టుల లేదు. ఎల్లస్వామి అప్పుడే గుంత బాటల నుంచి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటున్నడు. "నాకైతే ఎవరూ కనవడలే తమ్మీ" అన్నడు. సుసన్నక్క గూడ గంట కిందనే ఆ బాటల వచ్చిందంట. ఆమెకూ కనవడలే.

బాలనర్సమ్మ వాకిట్ల కూలవడ్డది. "గుంత పిలిచిందిరా... నా బిడ్డను గుంత పిలిచింది..." అని నేలకు తల కొట్టుకుంటున్నది. నలుగురు పట్టుకున్నరు. గుంత కాడికి పోదాం రాండ్రి అంటే మాత్రం ఆ నలుగుర్ల ఒక్కడు కదలలే. పొద్దుగాల చూద్దామన్నరు.

పొద్దుగాల దాకా ఎవరు బతకాలె? దివాకర్ ఒక్కడే లేచిండు.

అప్పటికి పది కావస్తున్నది. మూడోసారి కాంటా దాటిండు. చెవులల్ల పాట మోగుతనే ఉంది, ఏం పాటనో వానికే తెలుస్తలేదు. లైటు అటు ఇటు ఏస్తున్నడు — తుమ్మ చెట్లు, రాళ్లు, బాట అంచు...

సరిగ్గ గుంత ముందటికి రాంగనే పాట ఆగింది. లైటు గూడ ఆరింది.

ఛార్జింగ్ అయిపోయింది. సాయంత్రం సంది లైటు, పాటలు, ఫోన్లు — ఎంతని వస్తది? బటన్ ఒత్తిండు. ఇంకోసారి ఒత్తిండు. లాభం లేదు. చుట్టూ చీకటి... వాని ఊపిరి వానికే వినవడుతున్నది. పాట లేకున్నా హెడ్‌ఫోన్లు మాత్రం తీయలే. రెండు చేతులతోని చెవులకు అదిమి పట్టుకుని, గబగబ అడుగేసిండు.

"అన్నా..."

 గుంతల నుంచే. సన్నగ... చెల్లె గొంతే.

పలకొద్దు. చిన్నప్పటి సంది నూరిపోసింది అదే. నిలవడ్డ చోటనే రాయి తీర్గ నిలవడ్డడు.

"దివన్నా..."

రెండు. ఇగ మూడోది రావాలె. మనిషైతే వస్తది. చెల్లె అయితే పిలుస్తది. ఒకటి... రెండు... అని మనసుల లెక్కపెట్టిండు. ఇరవై దాకా వచ్చింది. యాభై దాకా వచ్చింది. కప్పలు అరుస్తున్నయ్. యాడనో సాగర్ రోడ్డు మీద లారీ పోయింది.

మూడో పిలుపు రాలే.

అంటే చెల్లె కాదు. వెనక్కి తిరిగి ఉరుకుడే. కాలు గూడ తిప్పిండు. తిప్పినోడు మళ్ల ఆగిండు. ఇంటికి పోయి తల్లికి ఏం చెప్పాలె? గుంతల నీ బిడ్డ గొంతు వినవడ్డది, దయ్యమనుకుని వచ్చిన అని చెప్పాలెనా? ఆ గొంతు దయ్యానికి యాడికెల్లి వచ్చింది? చెల్లెను చూడకుంటనే వచ్చిందా? దయ్యమైతే కానీ... దాన్నే అడుగుత, నా చెల్లె ఏదని. పట్టుకపోతే పట్టుకపోనీ.

హెడ్‌ఫోన్లు పీకి పడేసిండు.

"ఓ... అనూ..." అని పలికిండు.

చప్పుడు లేదు. చాన సేపటికి, ఊపిరి అంత సన్నగ —

"కింద... రాయి మీద..."

రాయి తీసిన గుంత గద, గోడలు మెట్లు మెట్లుగ ఉంటయ్. దివాకర్ కూసుని, కాళ్లు జారవిడిచి, తుమ్మ వేరు పట్టుకుని చీకట్ల దిగిండు. చేతులు చీరుకపోయినయ్. రెండు నిలువుల లోతుల పాదానికి మెత్తగ ఏదో తగిలింది. చున్నీ. దాని పక్కన చెయ్యి. చల్లగుంది, కానీ వీని వేళ్లు గట్టిగ పట్టుకుంది.

చెల్లెనే. ప్రాణంతోనే ఉంది. మోకాలు కాడ కాలు వంకరైంది, కదిపితే అరవడానికి గూడ ఆమె కాడ గొంతు లేదు. దివాకర్ ఆమె తల ఒడిల పెట్టుకుని చిన్న పిల్లగాని తీర్గ ఏడ్చిండు.

ఏడిస్తే అయితదా? ఎత్తుకుని ఎక్కుదామంటే గోడ నిలువు. ఫోన్ సచ్చిపోయింది. అప్పుడే పైన బాట మీద టార్చి లైటు కనవడ్డది, ఎల్లస్వామి దగ్గు వినవడ్డది. చెల్లె కోసం వాడకట్టోళ్లు ఎల్లస్వామిని ఎట్లనో బతిలాడి తోలిచ్చినట్టున్నరు.

"ఎల్లస్వామన్నా..." అని పిలిచిండు దివాకర్.

లైటు ఒక్క క్షణం ఆగింది. వెతుక వచ్చిండు గద, చెవులల్ల తీగలు పెట్టుకోలేదేమో.

"ఎల్లస్వామన్నా... నేను, దివాకర్‌ను..."

లైటు ఉరుకుడు మొదలువెట్టింది. ఎంత పిలిస్తే అంత జల్ది ఉరుకుతున్నది. గుంత పేరు పెట్టి పిలుస్తుంటే ఆగుతడా ఎవడన్న? వీడే ఉరుకబోయిండు గద ఇంతకుముందు.

దివాకర్‌కు అప్పుడు మండింది. భయం, ఏడుపు అంతా తిట్లై ఎల్లింది. "నీ మొకం మండ, గాడిది కొడుకా, ఉరుకు. మీ నోట్లల్ల మన్ను వడ. చెవులల్ల సీసం పోసుకున్నర్రా అందరు? ఒక్కడన్న మనిషి పుటక పుట్టిండా ఈ ఊర్లె? తాడు తెండ్రిరా..." తాతల కాడికెల్లి ఎత్తుకున్నడు. అక్కడ అన్నయి ఇక్కడ చెప్పొద్దు.

ఎంత సేపు తిట్టిండో. పైన లాంతరు కనవడ్డది.

"ఎవడ్రా లోపల గంత గనం తిడుతున్నడు?"

నారయ్య తాత. మూతవడ్డ క్రషర్‌కు కావలి ఉంటడు, అవతలి గట్టున రేకుల రూములనే పండుకుంటడు. డెబ్బై దాటినయ్. భుజం మీద తాడు ఉండనే ఉంది. "పేరు పెట్టి పిలిస్తే నేను వచ్చేటోన్ని కాదు బిడ్డా. దయ్యం గిన్ని తిట్లు తిట్టదని వచ్చిన" అన్నడు.

తాడు తుమ్మ మొద్దుకు కట్టిండు. దివాకర్ చెల్లెను చున్నీతోని వీపుకు కట్టుకుని, ముసలాయన పైనుంచి గుంజుతుంటే ఎట్లనో ఎక్కిండు. నారయ్య అదే తిట్ల సంగతి చెప్పి వాడకట్టోళ్లను లేపుకొచ్చిండు. దవాఖానకు ఆటో పిలుస్తమని ఇద్దరు రోడ్డు దిక్కు ఉరికిండ్రు.

ఆటో వచ్చేదాకా అనురాధను కాంటా అరుగు మీద పండవెట్టిండ్రు. నారయ్య చెంబుతోని నీళ్లు తాపిచ్చిండు.

"ఎట్ల పడ్డవ్ బిడ్డా?"

"వెనుకకెల్లి కుక్కలొచ్చినయ్ తాత. పాటలు వింటున్న గద, వినవడలే. కాళ్ల కాడికి రాంగనే పక్కకు దుంకిన. ఫోను నీళ్లల్ల పడ్డది."

"ఎప్పుడు?"

"బస్సు దిగంగనే. అప్పటి సంది పిలుస్తనే ఉన్న. సుసన్నక్క చర్చి పాట పాడుకుంట పోయింది, పిలిచిన. ఎల్లస్వామన్న దగ్గుకుంట పోయిండు, పిలిచిన. అన్న రెండుసార్లు పోయిండు..."

దివాకర్ మొకం చేతులల్ల దాచుకున్నడు. "మూడోసారి ఎందుకు పిలవలేవే?" అన్నడు.

"ఒక్కసారి పిలిస్తేనే పక్కలు పొడుస్తున్నయ్ అన్న. రెండు పిలిచేటాలకు ఊపిరి అందుతలేదు. జర సేపు ఆగి మళ్ల పిలుస్తున్న."

నారయ్య చేతిల చెంబు కింద వడ్డది.  నీళ్లు లుంగీ మీద పారుతున్నా చూస్తలేడు.

"ఏమైంది తాత?"

"మా అన్న లింగం..." అన్నడు.  "జల్‌పల్లికి పనికి పోతున్న అని ఇంట్లకెల్లి ఎల్లిండు. ఆ రాత్రి గుంతల నుంచి ‘నారిగా’ అని వినవడ్డది. అన్న ఊర్లెనే లేడనుకున్న, గొంతేమో అన్న గొంతే. రెండు రాత్రులు విన్న బిడ్డా. రెండుసార్లు పిలిచేది, ఆగేది. రెండుసార్లు పిలిచేది, ఆగేది. మూడోది రాదు, ఇది మనిషి కాదు, పలకకుండ్రి అని ఇల్లిల్లు తిరిగి చెప్పింది నేనే."

 ఆటో లైటు దూరంగ కనవడుతున్నది.

"మూడో దినం శవమై దొరికిండు. గుంత పిలిచి పట్టుకపోయిందన్నరు అందరు. నేను గూడ అదే అన్న. ముప్పై ఏండ్ల సంది అదే అంటున్న. కానీ దొరికింది నీళ్లల్ల కాదు. నీ తీర్గనే రాయి మీద, మొకం పైకి పెట్టి పండుకుని ఉండె. అంగి గూడ తడవలే."