ఒక్క జపం ఆగి కాసే పందెం

“నా పోకర్ ఖాతా మూసేసింది ఎవరండీ?”

విస్తిన్ తన తినుబండారాల కొట్టు నుంచి నేరుగా గ్జీరా ఊళ్లోని పోకర్ కంపెనీ ఆఫీసుకు వచ్చాడు. మోచేతులకు పిండి ఉంది. చేతిలో పస్తిత్సీలనే వేడి పఫ్‌ల సంచి ఉంది.

“నేనే,” అంది మార్తీజ్. ఆన్‌లైన్ పోకర్‌లో దొంగాట పట్టడం ఆమె ఉద్యోగం. జాలిపడటం అందులో లేదు.

అతను సంచి ముందుకు జరిపాడు. “జున్నువి. తినండి.”

“ఆటగాళ్ల దగ్గర మేం ఏమీ తీసుకోకూడదు. రూలు.”

“ఇంతకీ నేనేం చేశాను?”

“మనిషన్నవాడు ఓసారి తొందరపడతాడు, ఓసారి నానుస్తాడు. మీరు మంచి ముక్కలొచ్చినా చెత్త ముక్కలొచ్చినా ప్రతిసారీ సరిగ్గా అంతేసేపు ఆగుతున్నారు. పక్కన ఏదో సాఫ్ట్‌వేర్ జవాబు చెబుతోంది.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “సాఫ్ట్‌వేర్ కాదు. మరియమ్మ.”

“ఇంటిపేరు?”

“దేవుడి తల్లికి ఇంటిపేరేంటండీ?”

మార్తీజ్ కీబోర్డు మీంచి చేతులు తీసింది.

“పందెం కాసే ముందు ఒక మరియ జపం చెప్పుకోమని నాన్నమ్మ ఒట్టు వేయించుకుంది. తొందర తగ్గుతుందని. మీరు నన్ను దొంగన్నారని మా ఊరు జెబ్బుజ్‌లో తెలిస్తే ఆవిడ గుడికెళ్లడం మానేస్తుంది.”

“అయితే ఇక్కడ ఆడి చూపించండి.”

ఉత్తుత్తి ఆట తెరిచింది. అతను గొణగడం మొదలుపెట్టాడు. కన్యస్త్రీల బడిలో చదివిన మార్తీజ్ పెదవులు వాటంతటవే కదిలాయి. ఇద్దరూ ఒకేసారి ఆమెన్ అన్నారు. అతను మీట నొక్కాడు. తర్వాతి పందేనికీ అంతే. అతని పాత ఆటల్లోని విరామం ఇదే.

వెనక నుంచి ఆమె పై అధికారి చెన్సు గొంతు వినిపించింది. “బయటి సాయం తీసుకోకూడదని రూలుంది. మరియమ్మది బయటి సాయమేగా?”

“ఆవిడ సాయం చేసుంటే ఇంత ఓడతాడా సార్?”

విస్తిన్ తలెత్తాడు. “నేను గోల్డ్ మెంబర్ని. బాగా ఆడుతున్నాననేగా ఇచ్చారు?”

“వదలకుండా ఓడుతున్నారని ఇచ్చారు. మాకు విశ్వాసమంటే అదే.”

చెన్సుకు ఆ మాట రుచించలేదు. “ఖాతా తెరిచెయ్,” అని లోపలికి పోయాడు.

ఆమె తెరిచింది. విస్తిన్ లేవలేదు.

“గోల్డ్ వాళ్లకి ఇద్దరికి సరిపడా విందు కూపన్ ఇస్తారటగా. ఆదివారం వస్తారా?”

“ఆటగాళ్లతో మేం బయట తిరగకూడదు.”

“అదీ రూలేనా?”

“అదీ రూలే. ఖాతా ఉన్నంతవరకు. మూసేస్తే గోల్డ్ పోతుంది, కూపనూ పోతుంది. మళ్లీ మొదటి నుంచి…”

“మూసేయండి.”

ఆమె మౌస్ మీద చెయ్యి వేసింది. “జపం చెప్పుకోలేదేం?”

“అది పందేనికండీ. ఇందులో నాకు అనుమానమేం లేదు.”

మార్తీజ్ అదే ఖాతాను రెండోసారి మూసింది. తర్వాత చెయ్యి చాచింది.

“ఆ సంచి ఇలా ఇవ్వు. చల్లారిపోతోంది.”