ఇంకా గరుకుగానే ఉంది

ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే కళ్లద్దాల షాపాయన కారు షెడ్డులోకి వెళ్లి షట్టరు దించేశాడు. ముందు బంపరు ఊడదీసి రెండు స్టూళ్ల మీద అడ్డంగా పెట్టాడు. ఎడమ కొసన బెత్తెడు మేర ఎర్రరంగు లేచిపోయి లోపలి నల్ల ప్లాస్టిక్ కనిపిస్తోంది.

ఇంట్లోకి వెళ్లే తలుపు దగ్గర నిలబడి భార్య నవ్వింది.

"గోడకు మేకు కొట్టమంటే నడుం నొప్పి అనే మహానుభావుడు బంపరుకు రంగేస్తాడట! సందు చివరి రంగుల తాత ఉంటే చిటికెలో చేసిచ్చేవాడు. ఏ పాపిష్టివాడు ఆయన్ని గుద్దేసి పోయాడో... వాడి చేతులు పడిపోను!"

"దుమ్ము లేస్తుంది, నువ్వు వెళ్లు," అని ఆయన తలుపు గడియ పెట్టుకున్నాడు.

ఆ పాపిష్టివాడు ఆయనే. మొన్న తెల్లవారుతుండగా, ఫోను చూసుకుంటూ బండి నడిపి, సైకిలు మీద వెళ్తున్న తాతను గుద్దాడు. తాత అప్పటికి బతికే ఉన్నాడు. మట్టిలోంచి చెయ్యెత్తి "బాబూ..." అన్నాడు. ఆసుపత్రి కూతవేటు దూరంలోనే ఉంది. ఈయన కారు అద్దం పైకెక్కించుకుని వెళ్లిపోయాడు. ఎవరూ చూడలేదు కదా అని ధైర్యం. ఎవరూ చూడనప్పుడు ఏం చేస్తాడన్నదే మనిషి అసలు బుద్ధి.

తాత సైకిలుకు ఎర్రరంగు అంటిందని, రేపు పొద్దున వీధిలోని ఎర్ర కార్లన్నీ పోలీసులు చూస్తారట. ఈలోగా ఆ మచ్చ పోవాలి. భార్యకు మాత్రం గేటు స్తంభానికి రాసుకుందని చెప్పాడు.

తాత పని చేస్తుంటే ఆయన చాలాసార్లు చూశాడు. ముందు గీతలు పూడేలా లప్పం పెట్టి, ఆరాక ఉప్పుకాగితం తడిపి రుద్దాలి. నున్నగా అయ్యాక బూడిదరంగు ప్రైమరు, దాని మీద అసలు రంగు. ప్రతి పూతకు ముందు తాత కళ్లు మూసుకుని అరచేత్తో తడిమేవాడు. "కళ్లను నమ్మితే మీ షాపుకు రావాల్సొస్తుంది బాబూ," అని వేళాకోళమాడేవాడు.

షెడ్డులో చీకటి. ఒక్కటే బల్బు. థిన్నరు వాసనకు గొంతు మండుతోంది. లప్పం ఆరింది. ఆయన రుద్దడం మొదలుపెట్టాడు. గర్... గర్... గర్...

చెయ్యి నొప్పెట్టి ఆగాడు.

గర్... గర్...

చప్పుడు ఆగలేదు.

ఆయన ఊపిరి బిగబట్టాడు. చప్పుడు ఆగింది. అంతలో ఎవరో నోటితో ఊదినట్టు బంపరు మీది పొడి ఒక వారగా లేచింది. థిన్నరు వాసనలోకి తడిమట్టి వాసన వచ్చి కలిసింది.

"తడిమి చూడు బాబూ..."

చెవి పక్కనే. గుసగుసగా.

వెనక్కి చూశాడు. గోడ. తలుపు వైపు పరిగెత్తాలనుకున్నాడు. కాళ్లు కదల్లేదు. ఎడమచెయ్యి దానంతటదే వెళ్లి బంపరు మీద ఆనింది. ఎవరిదో చల్లని చెయ్యి దాన్ని పైనుంచి నొక్కి, మెల్లగా జరిపింది.

"ఇంకా గరుకుగానే ఉంది..."

"తాతా... నన్ను వదిలెయ్. దండం పెడతా..."

"ఎవరు గుద్దారో చెప్పు. వదిలేస్తా."

ఆయన పళ్లు గిట్టకరిచాడు. చెబితే షాపు పోతుంది, పరువు పోతుంది, జైలు. చచ్చినవాడు సాక్ష్యం చెప్పలేడు కదా!

"నాకు తెలీదు," అన్నాడు.

"అయితే రుద్దు."

రుద్దాడు. తడిమాడు. గరుకు. మళ్లీ రుద్దాడు... గరుకు... మళ్లీ...

"ఏమండీ! టీ చల్లారిపోతోంది. ఎంతసేపు గీకుతారు?" భార్య తలుపు బాదింది. లోపల గర్ గర్ మంటూనే ఉంది. పక్కింటాయన్ని పిలిచి తలుపు పగలగొట్టించింది.

బంపరు అద్దంలా నున్నగా ఉంది. ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఉప్పుకాగితంతో రుద్దుతున్నది తన ఎడమ అరచేతిని. చర్మం ఎప్పుడో పోయింది.

"ఇప్పుడు నున్నగా వచ్చిందే," అన్నాడు భార్యతో.

ఆసుపత్రిలో ఎడమచేతికి కట్టు కట్టారు. మళ్లీ గీక్కుంటాడేమోనని కుడిచేతిని మంచానికి బిగించారు. సాయంత్రం కానిస్టేబులు వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"బంపరుకు ఏం తగిలింది సార్?"

భార్య ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆయన కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"గేటు స్తంభం," అన్నాడు.

తెల్లారి కట్టు మార్చడానికి వచ్చిన నర్సు ముందు కుడిచేతి బిగింపు చూసింది. ముడి ముడిలాగే ఉంది. వేళ్లు విప్పి చూసి, వెనక్కి తగ్గింది.

ఆ అరచేతిలో ఒక్క గీత లేదు. నెత్తుటి చుక్క కూడా లేదు. నున్నగా, సమంగా, బూడిదరంగు పూత ఒకటి పట్టి ఉంది. ఇంకా తడి ఆరలేదు.