ముగ్గురి మాట

చల్లని గదుల్లో కూర్చుని, మోతతొడుగులను నాలుగేసి చొప్పున ఒకే పంపకానికి కట్టినవాళ్లారా! సెలవు కాదనే పాపాన్ని కూలివాళ్ల నోళ్లలో పెట్టి చేతులు దులుపుకున్నది మీరే. ఇంకెవరూ కాదు.

ఉప్పు దిమ్మలు కదిలే పట్టా మీద వస్తున్నాయి. సముద్రాన్ని తాగునీరు చేయగా మిగిలిన ఉప్పు. దిమ్మ మనిషంత బరువు. రేవులో ఆ పూట జట్టు నలుగురు: దాలమ్మ, పైడితల్లి, తవుడు, సింహాద్రి. ఎవరు ఏ దిమ్మ ఎత్తినా, ఒంటికి బిగించిన మరతొడుగులు దాని బరువును నాలుగు వెన్నులకూ సమంగా పంచుతాయి. అదే పంపకం. ఒకరు తొడుగు విప్పితే ఆ వాటా మిగిలిన ముగ్గురి నడుముల మీద కూర్చుంటుంది. పట్టా మాత్రం నెమ్మదించదు.

దాలమ్మ మెడ దగ్గర ఎర్రదీపం వెలిగింది. కూతురి జబ్బకు కట్టిన జ్వరపట్టీ పంపిన కబురు. పిల్లలగది జ్వరమున్న పిల్లను ఉంచుకోదు. విడిగదిలో ఒక్కదాన్నే పడుకోబెట్టి తలుపు మూస్తుంది. పోయినసారి ఆ గదిలోనే పిల్లకు ఫిట్స్ వచ్చాయి.

"సెలవు," అంది దాలమ్మ.

"తల్లులకు మేం ఎప్పుడూ అడ్డు చెప్పం," అంది తొడుగులోని గొంతు. "మీ జట్టు మాట కోసం చూస్తున్నాం."

"మోస్తాను" అన్న మాట మిగిలిన ముగ్గురి నోటా రావాలి. వస్తేనే తొడుగు విచ్చుకుంటుంది, ఆ వాటా వాళ్ల మీదికి మారుతుంది. రాకపోతే తిట్టుకోవలసింది ఒకరినొకరు. యాజమాన్యం మధ్యలో లేదు.

"మోస్తాను," అంది పైడితల్లి వెంటనే. ఇద్దరు పిల్లల తల్లి; రేపు తనకూ ఇదే మాట కావాలి.

తవుడు దిమ్మ దించుతూ గొణిగాడు. "వారం తిరక్కుండా మల్లీనా? నీ గుంటకి జొరం, నా నడుముకి సావు. మోస్తాను, ఏటి సేస్తాం."

"నీ పిల్లలప్పుడు నాను మొయ్యలేదేటి, తవుడన్నా?" అంది దాలమ్మ.

ఇక మిగిలింది సింహాద్రి. అతనికి పిల్లల్లేరు. అందరి పిల్లల జ్వరాలూ అతని నడుము మీదుగానే పోయాయి. ఒకసారి ఆ నడుము పట్టేసి సెలవు అడిగితే, జబ్బుపడ్డ పిల్ల పేరు చెప్పమంది తొడుగు; సెలవు పిల్లలున్నవాళ్లకే.

"సింహాద్రి మావా, ఒక్క మాట."

"మొయ్యను."

దిమ్మలు వస్తూనే ఉన్నాయి.

"ఏటన్నావు?"

"మొయ్యనన్నాను."

"పిల్లల్లేనోడివి, నీకేటి తెలుస్తాది!" దాలమ్మ అరిచింది. "నా పిల్లకేటన్నా అయితే తెచ్చి నీ గుమ్మంలోనే పడుకోబెడతాను, సూసుకో!"

"మనిసివేనా మావా?" అంది పైడితల్లి.

తవుడు నవ్వాడు. "ఇన్నాళ్లకి కడుపులోది కక్కాడు."

"సింహాద్రి గారు ఒప్పుకోలేదు," అంది తొడుగు. "సెలవు లేదు. దయచేసి పని కొనసాగించండి."

సింహాద్రి చేతిలోని దిమ్మను పట్టా మీదే వదిలేసి దాలమ్మ వెనక్కి నడిచాడు. మనిషి కూలిపోతే పక్కవాడు విప్పడానికి తొడుగు వెన్నున ఒక గడియ ఉంటుంది. ఎవరి గడియ వారికి అందదు. అతను దాన్ని లాగాడు. తొడుగు రెండుగా విడిపోయింది.

"కూలిపోయింది ఎవరు?" అంది సింహాద్రి తొడుగు.

"ఎవులూ కూలిపోలేదు. దాలీ, ఎల్లు. పరిగెట్టు."

"మరి నా బరువు..."

"అది నీది కాదు, నాదీ కాదు. ఎల్లమన్నానా!"

దాలమ్మ అతని ముఖంలోకి చూసింది. అన్న మాట వెనక్కి తీసుకునే తీరిక లేదు. పరుగెత్తింది.

గడియ తీస్తే మనిషి బయటపడుతుంది. మాట లేకపోతే ఆ మనిషి బరువు పక్కవాళ్ల మీదికి మారదు. ఈ రెండూ ఒకేసారి జరగవచ్చని కట్టినవాళ్లకు తోచలేదు. మొయ్యనన్నవాడు ఎదుటి మనిషిని కట్టేసే ఉంచుతాడని లెక్క వేసుకున్నారు. దాలమ్మ వాటా ఎవరి వెన్ను మీదికీ పోలేకపోయింది. మోసే వెన్ను లేక పట్టా ఆగింది. వెనక దిమ్మలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. పక్క జట్ల వాళ్లు తలలు తిప్పారు.

ఈసారి పైనుంచి మనిషి గొంతే వచ్చింది, సూపర్‌వైజర్‌ది. "సింహాద్రీ, ఆవిడ ఎలాగూ వెళ్లిపోయిందిగా. ఒక్క మాట అనవయ్యా, పట్టా కదులుతుంది. పుణ్యముంటుంది."

"ఆ పున్నెమేదో నువ్వే కట్టుకో బావూ. దిగొచ్చి మొయ్యి."

"ఇద్దరు ఒప్పుకున్నారు. నువ్వొక్కడివే అడ్డు."

పైడితల్లి చేతిలోని దిమ్మ దించి పైకి చూసింది. పట్టా ఆగిన పాపం తన మీదికొస్తే రేపు తన పిల్లల గతేమిటో తెలిసీ నోరు విప్పింది. "ఇద్దరు కాదు. నా మాట నాను ఎనక్కి తీసుకుంతన్నాను."

తవుడు ఆమెను చూశాడు, ఆగిన పట్టాను చూశాడు. "నాదీనీ," అన్నాడు.

పైనున్న గొంతు తగ్గింది. "అయితే మీకేం కావాలి?"

"మనిసి కావాలి," అన్నాడు సింహాద్రి. "పిల్లకి జొరమొస్తే తల్లి ఎల్తాది. మమ్మల్నడక్కుండా ఎల్తాది. నడుం పట్టేసినోడూ ఎల్తాడు. ఆ జాగాలో బదులు మనిసిని ఎట్టాలి. రేపూ మాపూ కాదు. ఇప్పుడే పంపు."