మూల విరిగిన పన్ను

"ఈ పన్ను మళ్ళీ చెయ్యాలండీ."

మైనం తలెత్తి చూశాడు. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఈ పరాయి దేశంలోని కట్టుడు పళ్ళ ల్యాబ్‌లో పొద్దస్తమానం మైనంతో పళ్ళు చెక్కుతాడు గనక అక్కడివాళ్ళంతా అలా పిలుస్తారు, అతనూ పలుకుతాడు. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి ఆ రోజే ఉద్యోగంలో చేరింది. తయారైన పళ్ళు డాక్టర్లకి వెళ్ళేముందు తనిఖీ చెయ్యడం ఆమె పని. నుదుటికి భూతద్దం బిగించుకుని ఉంది.

"దీనికేమైందండీ?"

"పక్క పన్నుకీ దీనికీ మధ్య సందుంది."

"ఎంతుందేమిటి?"

"వెంట్రుక దూరేంత."

"అయితే ఏమంటారు? ఆ పెద్దమనిషి ఆ సందులో కాపురం పెడతాడా?"

"ఆయన పెట్టడు. ఆయన తిన్న తిండి పెడుతుంది. మళ్ళీ చెయ్యండి."

పక్క బల్ల దగ్గర అచ్చులు పోస్తున్న ప్లాస్టర్ బాబాయ్ కిసుక్కున నవ్వాడు. మైనానికి ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి! ఆ ల్యాబ్‌లో జీతాలు రెండు రకాలు. చేరేటప్పుడే ఏదో ఒకటి ఎంచుకోవాలి. మొత్తం నెల జీతంగా తీసుకోవడం ఒక పద్ధతి. చారెడు బేసిక్, దానిపైన పన్నుకింత అని పీసు రేటు తీసుకోవడం రెండోది. చెయ్యి తిరిగినవాళ్ళంతా రెండోదే పట్టుకుంటారు. మైనం చెయ్యి అందరికంటే వడి. కానీ వెనక్కొచ్చిన పన్నుకి పైసా రాదు. ఆవిడగారిదేమో నెల జీతం, ఎన్ని వెనక్కి పంపినా ఆవిడ సొమ్మేం పోతుంది? ఆ సాయంత్రానికల్లా అతను ఆమెకి "భూతద్దం" అని పేరు పెట్టేశాడు. ఆమె కోపం తెచ్చుకోలేదు. ఆ పేరుకీ చక్కగా పలికింది. అతనికి అది ఇంకా ఒళ్ళుమంట.

అలా మొదలైంది వ్యవహారం. రోజూ పొద్దున అతను చెయ్యడం, ఆమె వెనక్కి పంపడం. మధ్యాహ్నానికి ఒక గొడవ, సాయంత్రానికి కాఫీ మెషీన్ దగ్గర ఇంకో గొడవ. ఇద్దరి బస్సూ ఒకటే అని వానాకాలంలో గానీ తెలియలేదు.

ఆ వాన కూడా సామాన్యమైంది కాదు. మొదలుపెడితే ఆపడం మరిచిపోయేది. బస్టాపు రేకు కింద ఇద్దరికే చోటు, మూడోవాడు తడవాల్సిందే. మూడోవాడు రాకూడదని మైనం మనసులో దణ్ణాలు పెట్టుకునేవాడు.

"ఇంతమంది పళ్ళకి వంకలు పెడతారు కదా. మీ పన్ను మీరు బాగుచేయించుకోరేం?" అన్నాడు ఒకరోజు. ఆమె ముందుపన్ను మూల కాస్త విరిగి ఉంటుంది. నవ్వితేనే కనపడుతుంది.

"చిన్నప్పుడు మా అక్క ఉయ్యాల ఊపి పడేసింది. ఇది చూపించి ఇప్పటికీ అక్క చేత నా బట్టలు ఇస్త్రీ చేయించుకుంటున్నాను. బాగుచేయించుకుంటే ఎలా?"

అని నవ్వింది. ఆ మూల కనపడింది. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇద్దరూ చూసుకోలేదు.

ఆ వారంలోనే మైనం చేతిలో ఎన్నడూ జరగని తప్పు జరిగింది. ఎవరో స్కూలు టీచరమ్మకి చేసిన ముందుపన్ను, భూతద్దం సెలవు పెట్టిన పూట తనిఖీ కాకుండానే వెళ్ళింది, క్లినిక్ నుంచి తిరుగు టపాలో వచ్చింది. పేషెంటు పళ్ళన్నీ సూటిగా ఉంటే, మీరు పంపిన పన్ను మూల ఎందుకు విరిగి ఉంది అని డాక్టరు చీవాట్లు. ల్యాబ్ ఓనరు, అందరూ పెద్దాయన అంటారు, దాన్ని మైనం బల్ల మీద పెట్టి, "నిద్రపోతూ చేశావా?" అని అడిగాడు.

మైనం ఆ పన్నుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ విరుపు ఎక్కడిదో, ఎవరి నవ్వులోదో ఒక్క చూపులో తెలిసిపోయింది. అచ్చు ముందుపెట్టుకుని కూడా చెయ్యి తనకి తెలిసిన పన్నే చెక్కేసింది. గబగబా దాన్ని చెత్తడబ్బాలో పడేసి కొత్తది చేసిచ్చాడు. ఆ పూట భూతద్దం వైపు చూడ్డానికే సిగ్గేసింది.

చెప్పెయ్యాలి అనుకున్నాడు. ఎన్నో బస్సులు ఎక్కాడు, దిగాడు. వానలు పోయి చలి వచ్చింది. చివరికి శనివారం చెప్పేద్దామని తీర్మానించుకున్నాడు. చొక్కా కూడా ఉతికి ఆరేశాడు.

శుక్రవారం రూలు వచ్చింది.

పెద్దాయన అందరినీ నిలబెట్టి చెప్పాడు. వర్క్ వీసా రెన్యూ కావాలంటే ఇకమీదట జీతం ఇంత ఉండాలట. ఆ గీత బాగా పైకి జరిపారు. అందులోనూ బేసిక్కే లెక్కట. పీసు రేటు, ఓవర్‌టైము ఏవీ లెక్కలోకి రావట. భార్యనో భర్తనో పిలిపించుకునే ఫ్యామిలీ వీసాకి కూడా జీతం గీత పెరిగిందట, కాకపోతే ఈ నెలాఖరు లోపల అప్లై చేసినవాళ్ళకి పాత గీతే చాలునట.

"నా బేసిక్ పెంచండి సార్, పీసు రేటు తగ్గించండి. మొత్తం మీద అదే కదా?" అన్నాడు మైనం.

పెద్దాయన ముఖం కూడా అలసిపోయే ఉంది. "పళ్ళు తగ్గిన నెలలో నీకు ఆ బేసిక్ ఎక్కణ్ణుంచి ఇవ్వను? నీకొక్కడికిచ్చి మిగతావాళ్ళకి ఏం చెప్పను? అందరికీ పెంచితే ల్యాబ్ మూసుకోవాలి బాబూ."

ఆయన అన్నదాంట్లోనూ అబద్ధం లేదు, అదే ఖర్మ. మైనం వీసా చలి పోయేసరికి అయిపోతుంది. ఎవరికంటే ఎక్కువ సంపాదిస్తున్నానని ఇన్నాళ్ళూ గొప్పలు పోయాడో, ఆ భూతద్దం నెల జీతం గీతకి పైనే నిక్షేపంగా ఉంది.

శనివారం ఉతికిన చొక్కా తొడుక్కోలేదు. ఎలా చెప్తాడు? నిన్నటిదాకా చెప్పని మనిషి ఇవాళ చెప్తే, నా మొహం చూసి అడిగావా, నా బేసిక్ చూసి అడిగావా అని ఆ పిల్ల అనుకోదూ? అనుకోకపోయినా, ఎప్పుడో ఒకప్పుడు అనుమానం రాదూ? రూలు ఒక్కరోజు ఆగి వస్తే ఎవరి సొమ్ము పోయిందంట!

వేరే ల్యాబుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. అందరూ అతని పని మెచ్చుకున్నారు, కాఫీ కూడా ఇచ్చారు. బేసిక్ మాట ఎత్తగానే గడియారం వైపు చూశారు. ఇంటికొచ్చి బూట్లు విప్పే ఓపిక లేక అలాగే మంచం మీద వాలిపోయేవాడు. బస్టాపుకి వెళ్ళడం మానేసి, ముందు స్టాపు దాకా నడిచి అక్కడ ఎక్కేవాడు. భూతద్దంతో గొడవపడటం కూడా మానేశాడు. ఆమె వెనక్కి పంపితే, "సరేనండీ" అని తీసుకునేవాడు.

"ఒంట్లో బాగాలేదా?" అంది ఆమె.

"బాగానే ఉందండీ."

"మరి దెబ్బలాడరేం?"

"ఓపిక లేదండీ."

ఒకనాడు మధ్యాహ్నం ప్లాస్టర్ బాబాయ్ ఉండబట్టలేక అనేశాడు. "ఒరేయ్, ఎక్కడెక్కడో తిరుగుతావెందుకురా? వీసా ఎదుటి బల్ల దగ్గరే ఉందిగా! నెలాఖరు లోపల ఆ అమ్మాయిని రిజిస్టర్ పెళ్ళి చేసేసుకో."

"వీసా కోసం ఆ పిల్లని పెళ్ళిచేసుకోవడానికి నేనేం సిగ్గులేనివాణ్ణి కాను బాబాయ్! ఇంకోసారి ఆ మాటెత్తకు."

కాస్త గట్టిగానే అన్నాడు. వెనక్కి తిరిగేసరికి భూతద్దం పళ్ళ ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం పాలిపోయింది. ట్రే బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. బాబాయ్ తలకొట్టుకున్నాడు. మైనం ఆమె వెనకే రెండడుగులు వేసి ఆగిపోయాడు. వెళ్ళి చెప్దామంటే ఏమని చెప్పాలి? నువ్వంటే ఇష్టం లేక కాదు అంటే, మరి ఇష్టమేనా అంటుంది. అక్కడికి మళ్ళీ మొదటికే.

ఆమె వరసగా మూడు పూటలు అతని పళ్ళన్నీ ఒక్కటి కూడా వెనక్కి పంపకుండా పాస్ చేసేసింది. అంత బాధ మైనానికి రూలు వచ్చిన రోజు కూడా కలగలేదు.

ఆ మర్నాడు పెద్దాయనకి రాజీనామా ఇచ్చేసి, బల్ల దగ్గరికొచ్చి చెక్కే పనిముట్లు గుడ్డలో చుట్టుకుంటున్నాడు. భోజనాల వేళ, అందరూ బయట ఉన్నారు. కిటికీ అవతల, కాలం కాని కాలంలో వాన.

భూతద్దం వచ్చి ఎదురుగా నిలబడింది. గుప్పిట తెరిచి బల్ల మీద ఏదో పెట్టింది.

ఒక పన్ను. ముందుపన్ను. మూల కాస్త విరిగి ఉంది.

మైనం చేతిలోంచి పనిముట్లు జారి కింద పడ్డాయి.

"ఇది... చెత్తడబ్బాలో పడేశానే!"

"తిరిగొచ్చిన పన్ను ఎందుకు తిరిగొచ్చిందో చూడటం నా ఉద్యోగం. తీసి చూశాను. ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి మళ్ళీ చూశాను." ఆమె పన్నుని అతని వైపు తోసింది. "అప్పట్నుంచీ ఎదురుచూస్తున్నాను. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని కళ్ళు కాయలు కాశాయి. ఆడపిల్లని, నేనే ఎలా అడగనూ అనుకున్నాను. తీరా చూస్తే అయ్యగారు నన్ను చేసుకోవడమంటేనే సిగ్గుచేటు అన్నారు."

"అలా అనలేదు! వీసా కోసం అంటే..."

"ఈ పన్ను ఎప్పుడు చేశావు?"

"వానల్లో."

"రూలు ఎప్పుడొచ్చింది?"

"చలికాలం వచ్చాక."

"మరి వీసా కోసం ప్రేమించేవాడు వానల్లోనే ఎందుకు మొదలుపెట్టాడు?"

మైనం కుర్చీలో కూలబడ్డాడు.

"ఎప్పటికైనా నీకు అనుమానం వస్తుందేమోనని భయం వేసింది," అన్నాడు నెమ్మదిగా.

"నాకు అనుమానం రాకూడదని నన్నొదిలేసి పోతావా? ఎంత బాగా ఆలోచించావయ్యా!"

"నువ్వంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. ఆ శనివారమే చెప్దామనుకున్నాను. చొక్కా కూడా ఉతుక్కున్నాను."

"ఏదీ, ఆ చొక్కా?"

"ఇంట్లో ఉంది. తొడుక్కోబుద్ధి కాలేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. బల్ల మీద పన్నూ, ఆమె నోట్లో పన్నూ ఒక్కలాగే ఉన్నాయి.

"నెలాఖరు ఇంకా దాటలేదు. పాత గీతకి నా జీతం సరిపోతుంది. కనుక్కున్నాను కూడా. నా మీద ఆధారపడ్డవాడిగా, అదే నా డిపెండెంట్‌గా ఉంటే నీకు బేసిక్ గొడవే లేదట. పని చేసుకోవచ్చట. ఆ రాజీనామా వెనక్కి తీసుకో. ఇదే బల్ల, ఇదే మైనం, ఇదే పీసు రేటు."

మైనం నీరసంగా నవ్వాడు. "అంటే ఇదే కుర్చీలో, ఇదే పనికి నేను పనికిరాను. నీ మొగుడు పనికొస్తాడు!"

"రూళ్ళు పెట్టినవాళ్ళని అడుగు, నన్నడక్కు."

"నీ మీద డిపెండెంట్‌నంటే నలుగురూ నవ్వరూ?"

"నీకు వంట వచ్చా?"

"రాదు."

"నాకూ రాదు. ఇద్దరం మా అక్క మీదే డిపెండెంట్లం. నవ్వేవాళ్ళని నవ్వుకోనీ. ముందు అక్కతో మాట్లాడు."

అంటూనే ఫోన్‌లో వీడియో కలిపేసింది. అవతల ఆమె అక్క. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది. మైనం కంగారుగా లేచి నిలబడ్డాడు.

"నమస్కారమండీ..."

"అండీ ఏంటయ్యా, వదినా అను. రోజూ నీ పురాణం వినలేక చస్తున్నాను. ఇవాళ నవ్వాడు, ఇవాళ దెబ్బలాడాడు, ఇవాళ దెబ్బలాడలేదని ఏడుపు! ఏదీ, ఆ పన్ను చూపించు."

అతను పన్నుని కెమెరా దగ్గర పెట్టాడు. అక్క చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ ఒక్క విరుపుకి ఇన్నేళ్ళు చాకిరీ చేశాను. ఇంత చక్కగా చూసినవాడు ఇంకెవడూ ఉండడు. చేసుకోండమ్మా, సుఖంగా ఉండండి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అన్నట్టు మరిదీ, నీకు ఇస్త్రీ వచ్చా?"

"వచ్చండీ... వచ్చు వదినా."

"బతికించావు!" అని ఫోన్ పెట్టేసింది.

భూతద్దం నుదుటి మీది అద్దం కళ్ళ మీదికి దించుకుంది. పొద్దున అతను ముగించి పెట్టిన చివరి పన్నుని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి అతని ముందు పెట్టింది.

"ఇది మళ్ళీ చెయ్యాలి."

మైనం వంగి కింద పడ్డ పనిముట్లు ఏరుకుని, కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"దీనికేమైంది? ఏదీ, ఎక్కడుంది సందు?" అని గట్టిగా దెబ్బలాటకి దిగాడు.