బచ్చప్ప బోర్డు మీద ఖాళీ మేకు

“పదకొండుకి ఉడుము మునుగుతుంది, అమోఘ్. ఆపాలి.”

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. టైము పది నలభై.

ఏజెంట్ అమోఘ్ కేజీఎఫ్‌లో మామిడి లారీ దిగాడు. శ్రీనివాసపురం మండీ వ్యాపారి వేషం. భుజాన తువ్వాలు, చేతిలో పళ్ల బుట్ట, పళ్ల కింద జామర్.

ఉడుము నౌకాదళం వారి కొత్త అండర్‌వాటర్ వెహికల్. ఓడ మీంచి నీళ్లలోకి దించి కేబుల్‌తో లాక్కుపోతుంటే, దాని తోకలోని సోనార్ సెన్సార్లు శత్రు సబ్‌మెరైన్ల చప్పుడు వింటాయి. దించే వించ్‌ని, లాగే కేబుల్‌ని పరీక్షించడానికి సముద్రమే లేని ఊరిని ఎంచుకున్నారు. మూతపడిన గని షాఫ్టులో వెయ్యి అడుగుల నీరుంది మరి.

“విదేశీ ముఠా రిమోట్‌తో వించ్ బ్రేకు వదిలేస్తుంది. ఆ రిమోట్ ఎవరి దగ్గరుందో ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్ సహన చెబుతుంది. ఓవర్.”

షాఫ్టు పక్కన నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర. సహన. పేరుకి ఆమె ఇక్కడ డిజైన్ కన్సల్టెంట్.

“రాయల్పాడు బాదామి మామిడి పండిందా?” అన్నాడు అమోఘ్.

“ఆవని జాతర దాకా ఆగాలి.” కోడ్ సరిపోయింది. “గేటు దగ్గర తెల్ల వ్యాన్. రిమోట్ అందులోనే ఉంది. పరుగెత్తు!”

పది యాభై మూడు. అమోఘ్ నాలుగడుగులు వేశాడో లేదో, వెనక ఆమె గొంతు వినిపించింది.

“బచ్చప్పా, నందీశ్ పైకి వచ్చేసినాడు. పిన్ను తీసెయ్.”

బచ్చప్ప ముప్పై ఏళ్లు ఈ గనిలో మనుషుల్ని దించి, ఎక్కించిన వైండింగ్ డ్రైవర్. ఇప్పుడీ వించ్ అతని చేతిలో ఉంది. నీళ్లలో వేలాడుతున్న ఉడుము కింద లాచ్ బిగించడానికి డైవర్ నందీశ్ దిగగానే, బచ్చప్ప కేబుల్ చుట్టిన డ్రమ్ముకి ఒక ఇనుప పిన్ను దిగ్గొట్టాడు. ఇంజనీర్లు నవ్వారు. అది ఉన్నంతసేపూ బ్రేకు ఊడినా డ్రమ్ము తిరగదు.

“బిళ్ళ రాలేదమ్మా.” బచ్చప్ప తలెత్తకుండానే గోడ మీది బోర్డు చూపించాడు.

దిగేవాడు ఇత్తడి బిళ్ళ తీసుకుపోవాలి. వచ్చి అదే మేకుకి తగిలించాలి. ఏడో మేకు ఖాళీగా ఉంది.

“జేబులోనే మరిచిపోయి ఉంటాడు. నేను చూసినా కదా!”

“మా మేనేజరు దొర చెప్పినా తీసినోణ్ణి కాదు. ఏమప్పా మామిడి సావుకారూ, నీళ్లు చూడు. బుడగలు ఇంగా వస్తానే ఉండాయి గదా?”

అమోఘ్ తొంగి చూశాడు. బుడగలు. నందీశ్ సరిగ్గా ఉడుము కిందే ఉన్నాడు. బ్రేకు ఊడితే రెండు టన్నుల ఉక్కు అతన్నీ తీసుకుపోతుంది.

మరి సహన అబద్ధం ఎందుకు చెప్పింది?

జవాబు ఆమె చేతుల్లోనే దొరికింది. ఒక చెయ్యి బచ్చప్పను తోసి పిన్ను లాగేసింది. రెండో చేతి వాచీ మీద ఎర్ర లైటు వెలిగింది. రిమోట్ వ్యాన్‌లో లేదు, అదే.

అమోఘ్ బుట్ట బోర్లించాడు. పళ్లు దొర్లాయి. ఆమె వాచీ బటన్ నొక్కిన మరుక్షణమే అతను జామర్ స్విచ్ నొక్కాడు.

డ్రమ్ము మూలిగింది. అరంగుళం కదిలింది. సిగ్నల్ తెగి, బ్రేకు మళ్లీ పట్టి, ఆగింది.

బచ్చప్ప ఒక్క దెబ్బతో పిన్ను మళ్లీ దిగ్గొట్టాడు. అమోఘ్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“మాన్యువల్ మొత్తం కంఠతా పట్టాను,” అంది సహన నీరసంగా. “ఈ బిళ్ళ అందులో లేదు.”

“రాసేదానికి ఏముందమ్మా అందులో?” అన్నాడు బచ్చప్ప.

సెక్యూరిటీ జీపు ఆమెను తీసుకుపోయింది. పదకొండూ పది. నందీశ్ నీళ్లోడుతూ పైకొచ్చి, ఏడో మేకుకి బిళ్ళ తగిలించి, కింద పడి ఉన్న బాదామి ఒకటి ఏరుకుని కొరికాడు. “ఎవరిదన్నా, ఇంత తీపి?” అతనికి ఇంకేమీ తెలియదు. తెలియకపోవడమే మంచిదనిపించింది అమోఘ్‌కి.

బచ్చప్ప ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చాడు. “నీకు బిళ్ళ ఈలేదు గదప్పా. బోర్డు లెక్కలో నువ్వీడికి రానేలేదు. తాగు, చల్లారిపోతాది.”

పన్నెండేళ్లుగా డిపార్ట్‌మెంటు చెబుతున్న మాటే అది. టీ ఇచ్చి మరీ చెప్పినవాడు మాత్రం ఇతనొక్కడే.