ఒకే ఇంటికి తొమ్మిదిసార్లు

“ఒకే ఇంటికి వారంలో తొమ్మిదిసార్లు వెళ్లినట్టు ఫోన్‌లో ఎక్కించారు. నిజంగా వెళ్లారా, కూర్చున్నచోటే నొక్కేశారా?”

తనిఖీకి వచ్చిన కుర్ర ఆఫీసరు అడిగిన మొదటి మాట అదే. ఆరోగ్య కార్యకర్తకు ఒళ్లు మండింది.

“నాతో రండి సార్. మెట్లెక్కి ఆయాసం వస్తే నన్ననొద్దు.”

ఇరుకు మెట్లు, మూడో అంతస్తు. ఎనిమిదో నెల గర్భిణి మంచం మీద కళ్లు మూసుకుని పడుంది.

“అక్కా, తల పగిలిపోతోంది. కళ్లముందు మెరుపులు...”

కార్యకర్త బీపీ చూసి, అంకెలు ఫోన్‌లో కొట్టింది. తెర ఎర్రబడింది: వెంటనే ఆసుపత్రికి తరలించండి. అంబులెన్స్ బటన్ నొక్కింది. సిగ్నల్ లేదు.

ఆఫీసరు ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుని డాబా మీదికి పరుగెత్తాడు.

“మావాడు రానీ, చూద్దాం. వారం నుంచీ ఇలాగే భయపెడుతున్నావు” అంది గర్భిణి అత్తగారు.

“వారం నుంచీ మీరూ ఇదే మాట, పిన్నిగారూ! అందుకే తొమ్మిదిసార్లు తిరిగాను.” కార్యకర్త గర్భిణి భుజం పట్టుకుంది. “ఇంకా ఆగితే ఫిట్స్ వస్తాయి. ఇద్దరూ దక్కరు.”

అత్తగారి మొహం పాలిపోయింది.

“బండి బయల్దేరింది!” పైనుంచి కేక.

అంబులెన్స్ వచ్చింది కానీ, ఆ మెట్ల మీద స్ట్రెచర్ తిరగలేదు. గర్భిణిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆఫీసరూ అంబులెన్స్ డ్రైవరూ చెరోపక్కా పట్టి దించారు. కార్యకర్త ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ ముందు నడిచింది. ఆఫీసరు మోచెయ్యి గోడకు రాసుకుని రక్తమొచ్చినా కుర్చీ వదల్లేదు. అది ఆమె చూసింది.

ఆసుపత్రి వరండాలో నాలుగు గంటలు గడిచాయి. తలుపు తెరుచుకోలేదు.

“మీకు ఆఫీసు లేదా?” అందామె.

“ఉంది. కాళ్లే కదలట్లేదు.”

చివరికి నర్సు వచ్చింది. “ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. తల్లికి బీపీ దిగుతోంది, భయం లేదు.”

కార్యకర్త గోడకు ఆనుకుని ఏడ్చేసింది. అతను రుమాలు అందించాడు.

అత్తగారు కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. “మీ ఆయన బంగారం అమ్మా!”

“అయ్యో, నాకింకా పెళ్లే కాలేదు! తనిఖీకొచ్చిన ఆఫీసరు.”

“తనిఖీకొచ్చినవాడు ఇంతసేపు ఇక్కడెందుకు కూర్చుంటాడే, పిచ్చిదానా?”

ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి.

“పొద్దున నోరు జారాను. క్షమించండి” అన్నాడు మెల్లగా.

“ఇంత తేలిగ్గానా? రేపు సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగుతాను. అప్పుడొచ్చి బతిమాలండి.”

“ఐదున్నరకే వచ్చి నించుంటాను” అన్నాడతను.