అన్నయ్య ఫొటో లేని ఖాతా

చైనాలోని చాంగ్‌షా నగరంలో ఒక అద్దె గది. సాయంత్రం నాలుగు.

ఫు యీలాన్ బల్ల మీద తల వాల్చి చనిపోయి ఉంది. పంతొమ్మిదేళ్లు. ఎదురుగా పన్నెండు ఫోన్లు, అన్నీ చార్జింగ్‌లో. చేతిలో ఆస్తమాకి పీల్చే మందు డబ్బా, ఖాళీ.

గోడ మీద, కప్పు మీద, దిండు మీద ఒకే పాటగాడి మొహం. అభిమానులకి అతడు 'అన్నయ్య'. రేపు అతడి పుట్టినరోజు. కన్నతల్లి ఫొటో మాత్రం ఎక్కడా లేదు.

"రెండున్నరకి పోయింది," అన్నాడు డాక్టర్.

ఇన్‌స్పెక్టర్ రువాన్ సుచిన్ ఆ పిల్ల చేసిన కాల్స్ చూసింది. చివరిది 1:52కి, అభిమాన సంఘం లీడర్ షాంగ్ వెన్‌జిన్‌కి.

ఆరింటికి వెన్‌జిన్ స్టేషన్‌లో ఉంది. ముప్పై ఏళ్ల బ్యాంకు ఉద్యోగి. మెడలో అన్నయ్య బిళ్ల. తలుపు అవతల బెంచీ మీద యీలాన్ తల్లి.

"ఏం మాట్లాడింది?"

"అన్నయ్యకి ఆన్‌లైన్ పోటీలో ఓట్లు వేసే డ్యూటీ మార్చమంది మేడమ్."

"గొంతు?"

"బాగానే ఉంది. అయినా ఆ పిల్ల మాలో లేదండీ. ఇవాళే మానేసింది. ఖాతా చూడండి, అన్నయ్య ఫొటో తీసేసింది."

నిజమే. ఫొటో ఉండాల్సిన చోట బూడిదరంగు సున్నా.

సుచిన్ నవ్వింది. ఆమె ఇంట్లోనూ ఒక పద్నాలుగేళ్ల అభిమాని ఉంది.

"పరాయివాళ్లతో తగువుకి దిగేముందు మీరు ఖాతాలో ఫొటో తీసేస్తారు కదూ? మీ మురికి ఆయనకి అంటకూడదని. మహా మడి! ఈ ఫొటో 1:58కి పోయింది. తొలగించింది నీ ఫోన్ నుంచి అని మా సైబర్ వాళ్లు తేల్చారు. అందరి పాస్‌వర్డ్‌లూ నీ దగ్గరేగా?"

వెన్‌జిన్ మెడలోని బిళ్లని పిడికిట్లో పట్టుకుంది.

"ఆ పిల్ల చేతిలో మందు డబ్బా ఖాళీ. ఊపిరాడటం లేదని నీకు చెప్పింది. అంబులెన్స్ పది నిమిషాల దూరం. నువ్వు ముందు ఖాతాలో ఫొటో తీసేశావు. తర్వాత?"

"ఆమె డ్యూటీ మిగతావాళ్లకి పంచాను."

"పంచావా!"

"అంబులెన్స్ వస్తే ఎవరో వీడియో తీసేవారు మేడమ్. ఓట్లు వేస్తూ పడిపోయిందని రాసేవారు. పుట్టినరోజు ముందు అన్నయ్యకి ఎంత అప్రతిష్ఠ!"

"నువ్వనేదానివి ఒకతెవి ఉన్నావని మీ అన్నయ్యకి తెలుసా?"

వెన్‌జిన్ ముందుకి వంగింది.

"రిపోర్టులో అన్నయ్య పేరు మాత్రం వద్దు. నా మీద ఏం కావాలంటే అది రాసుకోండి."

సుచిన్ కలం తీసింది.

"అలాగే. చనిపోయిన పిల్ల పేరు చెప్పు."

వెన్‌జిన్ పేరు కోసం తడుముకుంది.

"ముప్పయ్యేడో నంబరు మేడమ్. మా గ్రూపులో అందరం నంబర్లతోనే..."

అవతల బెంచీ కిర్రుమంది. తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఫు యీలాన్," అంది. "రాసుకోండమ్మా."